బాట మీద బూడిద

నా చిన్నప్పుడు ఎండాకాలం వచ్చిందంటే మా ఊరి చెరువుకు సముద్రం నుంచి చుట్టాలు దిగేవి. మాది పరకాల దాటి ఎడ్లబండి బాట పట్టి పోతే వచ్చే ఊరు. సముద్రాన్ని కళ్ళతో చూసిన మనిషి ఊళ్ళో ఒక్కరూ లేరు. అయినా నెత్తిన నల్లటి టోపీ, పసుపుపచ్చ ముక్కు, రెండుగా చీలిన తోక ఉన్న ఆ తెల్లపిట్టలను అందరూ సముద్రం పిట్టలనే అనేవాళ్ళు. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు. ఇప్పుడు నేను హన్మకొండలో మా బిడ్డ దగ్గర ఉంటున్నాను, మోకాళ్ళ నొప్పులతో మెట్లు దిగడమే గగనం. మనవరాలు సెల్లులో బొమ్మ చూపించి, వాటిని టర్న్‌లు అంటారని, నిజంగానే సముద్రపు పక్షుల వంశమని, మన దగ్గరి రకం మాత్రం నదులను, చెరువులను పట్టుకుని బతుకుతుందని చెప్పింది. మా ఊరివాళ్ళు చూడకుండానే సగం నిజం చెప్పారన్నమాట.

ఎండలు ముదిరి చెరువు సగం ఖాళీ అయ్యేసరికి నడుమ ఒక ఇసుక గడ్డ తేలేది. పిట్టలు ఆ గడ్డ మీద చిన్న చిన్న గుంటలు చేసి గుడ్లు పెట్టేవి. పుల్లా లేదు, పుడకా లేదు, గూడన్నదే లేదు. గుడ్లు కూడా ఇసుక రంగులో మచ్చలు మచ్చలుగా ఉండి, పక్కనే నిలబడ్డా కంటికి ఆనేవి కావు. ఆ పిట్టలు గుడ్లు పెట్టిన ఏడు వానలు బాగా పడతాయని, చెరువు నిండి, నీళ్ళు అలుగు మీంచి పొర్లి మత్తడి దుంకుతుందని ఊరంతా నమ్మేది. ఎండాకాలంలో ఇద్దరు రైతులు ఎదురుపడితే పిట్టలు దిగాయా అన్నదే మొదటి మాట.

వాటిని లెక్కపెట్టే పని మా తాతది. ఎవరూ అప్పగించలేదు, ఆయనే నెత్తికెత్తుకున్నాడు. పిట్టలన్నీ కుదురుకున్నాక ఒకనాడు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని చెరువు కట్ట మీదికి పోయేవాడు. గుడ్ల మీద కూర్చున్న పిట్ట ఒకటి కనబడితే నేను ఒక చింతగింజను గురిగిలో వేయాలి. దోసిట్లో పట్టేంత చిన్న మట్టి గురిగి. ఏడాదికొకటి. లెక్క అయిపోయాక మూతికి గుడ్డ కట్టి ఇంట్లో గూట్లో వరసగా పెట్టేవాడు. ఎవరు అడిగినా ఒక గురిగి దించి, గుడ్డ విప్పి, లోపలికి చూడమనేవాడు. నా చేత్తో గింజలు వేసిన మొదటి ఏడు గురిగి మూతి దాకా నిండింది. గుడ్లన్నీ నేనే పెట్టినట్టు ఊరంతా చెప్పుకుని తిరిగాను.

అయితే నాకొక తిక్క ఉండేది. కట్ట మీంచి చూస్తే గడ్డ అవతలి వాలు కనిపించదు, అక్కడ కూర్చున్న పిట్టలు లెక్కకు రావు. లెక్క తప్పు పోతోంది, దగ్గరికి పోయి చూద్దామని తాతను ఒకటే సతాయించేదాన్ని. గడ్డకూ ఒడ్డుకూ మధ్య మోకాలి లోతు నీళ్ళే, కానీ అడుగున బురద. నేను దిగితే తొడల దాకా కూరుకుపోయేదాన్ని.

ఆ చలికాలం తాత వాళ్ళ అక్క చనిపోయింది. తాతను ఎత్తుకుని పెంచిన అక్క. మా దిక్కు మనిషి ప్రాణం పోయిన చోట బూడిద పరిచి, మీద గంప బోర్లించి, మర్నాడు ఎత్తి చూస్తారు. బూడిదలో ఏ అడుగు పడితే పోయినవాళ్ళు ఆ జన్మ ఎత్తారని నమ్మకం. గంప ఎత్తితే పిట్ట కాలు ఆనినట్టు మూడు గీతలు కనిపించాయి. తాత కండువా నోట్లో కుక్కుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ వచ్చిన ఎండాకాలం, నా సతాయింపుకో, ఆయన మనసులో ఉన్నదానికో తెలియదు గానీ, బండ్ల మీద మొరం, రాళ్ళు తోలించి ఒడ్డు నుంచి గడ్డ దాకా సన్నటి బాట వేయించాడు. మనవరాలి కాలికి తడి అంటకుండా పోయి రావాలట. ఊళ్ళోవాళ్ళు ముసలాయనకు పని లేదని నవ్వారు. నాకు మాత్రం రెండు కొమ్ములు మొలిచాయి.

ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు. ఏడాదికి ఒకనాటి లెక్క కాస్తా రోజూ లెక్క అయింది. ఇంట్లోవాళ్ళు తిని నడుం వాల్చగానే నేను బాట ఎక్కేదాన్ని. మా నల్లకుక్క నా వెనకాలే వచ్చేది. ఒకసారి తలుపు సందులో కాలు పడి దాని ముందుకాలి వేలు ఒకటి ఊడిపోయింది, అందుకని దాని మీద నాకు మరీ గారాబం. మేం గడ్డ మీద అడుగు పెట్టగానే పిట్టలన్నీ ఒక్కసారిగా లేచి, అరుస్తూ నా నెత్తి మీదికి దూకేవి. నన్ను గుర్తుపట్టి ఆడుతున్నాయని నేను చప్పట్లు కొట్టేదాన్ని. నాకు అలుపు వచ్చేదాకా అక్కడే గుంటల మధ్య తిరిగేదాన్ని.

గడ్డకు ఎదురుగా, నీళ్ళు వెనక్కి జరిగిన శిఖం భూమిలో ఒకామె కర్బూజ తోట పెట్టేది. పిల్లలందరం ఆమెను కర్బూజ పెద్దమ్మ అనేవాళ్ళం. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. చెరువు మళ్ళీ నిండేలోపు పండిన ఆ కాయలే ఆమెకు ఏడాది గాసం. ఆమె గుడిసెలోంచి నన్ను చూసి కేకేసేది.

“మిట్టమధ్యాన్నం అటు పోకు బిడ్డా, పిట్టలు ఒర్లుతానయ్. జర ఎండ సల్లబడ్డంక పో.”

నాకు ఎండదెబ్బ తగులుతుందని అంటోందనుకున్నాను. మర్నాడు నెత్తిన తువ్వాల వేసుకుని పోయాను. నాకు అర్థమైంది అంతే.

బాట వేసిన ఏడు, అవతలి వాలు కూడా కనబడుతూ ఉండగా, గురిగి సగమే నిండింది. వానలకు కొట్టుకుపోయిన చోట తాత మళ్ళీ మొరం పోయించాడు. తర్వాతి ఏడు నేను వేసిన గింజలు గురిగి అడుగును కూడా కప్పలేదు. తాత ఆ గురిగిని వెలుతురుకు పట్టి, వంచి, మళ్ళీ వంచి చూశాడు. నా మీద నమ్మకం చాలక మళ్ళీ తనే పోయి లెక్కపెట్టాడు. నా లెక్క తప్పు కాదు.

ఊళ్ళో భయం పుట్టింది. పిట్టలు లేకపోతే వాన లేదు, వాన లేకపోతే బతుకు లేదు. పెద్దమనుషులు చావిడి దగ్గర కూర్చున్నారు. తాత చివరి మూడేళ్ళ గురుగులూ తీసుకుపోయి వాళ్ళ ముందు వరసగా పెట్టి గుడ్డలు విప్పాడు. ఒకటి నిండుది, ఒకటి సగం, ఒకటి ఖాళీలాంటిది. అందరూ వంగి చూశారు. ఎవరో గుడ్లు తింటున్నారని ఒకాయన అన్నాడు. గడ్డకు దగ్గరున్నది ఎవరని ఇంకొకాయన అన్నాడు. ఆ మాటతో తలలన్నీ చివర నిలబడ్డ కర్బూజ పెద్దమ్మ వైపు తిరిగాయి.

ఒక పెద్దమనిషి నన్ను దగ్గరికి పిలిచి, గడ్డ మీదికి పోతుంటే వద్దనేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. అంతమందిలో నన్ను అడిగినందుకు నాకు ఎంత సంతోషమో. కర్బూజ పెద్దమ్మ రోజూ వద్దంటుందని గట్టిగా, అందరికీ వినబడేలా చెప్పాను. అబద్ధం కాదు. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు ఆ మాటను తిరగేసి చూసుకున్నానో, అందులో అబద్ధం లేదు. అదే నన్ను ఇప్పటికీ కాలుస్తుంది.

“నేను దినలే దొరా. పిట్టలు ఆగమైతానయని పిల్లకు జెప్పిన,” అందామె. ఆమె మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. తెల్లారేసరికి గుడిసె ఎత్తెయ్యాలని, తోటలోకి పశువులను విడిచేస్తామని తీర్మానం అయింది. కాయలింకా పిందెలు, పండడానికి చాలా రోజులు పడుతుంది. మా తాత గురుగులకు మళ్ళీ గుడ్డలు కట్టుకున్నాడు. ఆయన గురుగులు సాక్ష్యం చెప్పాక ఇక అనేదేముందని అనుకున్నాడేమో.

ఆ మాపటికి తాత అన్నానికి కూర్చుని చావిడి సంగతి చెబుతుంటే మా బాపమ్మ, అంటే తాత భార్య, వడ్డిస్తూ వింటోంది. బాపమ్మ నోరు మంచిది కాదని పేరు. కానీ ఆ రోజు మెల్లగానే అడిగింది.

“పిట్టలు తగ్గినయని గింజలు జెప్పినయ్, సరే. ఎవలు దిన్నరో గూడ గింజలే జెప్పినయా?”

తాత చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. బాపమ్మ పొయ్యిలోంచి చల్లారిన బూడిదను చాటలోకి ఎత్తుకుని, ఇంకా చీకటి పడకముందే చెరువు దారి పట్టింది. నేను వెంట పరుగెత్తాను. బూడిద చాట చూడగానే నాకు తాత వాళ్ళ అక్క పోయిననాటి గంప గుర్తొచ్చింది.

“ఎవలు సచ్చిన్రు బాపమ్మా?”

“ఇంకా ఎవలు సావలే. సావకముందే సూద్దామని,” అంది. బాట మొదట్లో ఒంగి, ముగ్గు వేసినంత ఓపికగా బూడిదను పరిచింది. బాట మీద మాత్రం కాలు పెట్టలేదు, నన్నూ పెట్టనియ్యలేదు.

తెలతెలవారుతుండగా నన్ను లేపి తీసుకుపోయింది. బూడిద నిండా అడుగులు. మనిషి అడుగు ఒక్కటి లేదు. ఊరకుక్కలవి పెద్దవి, చిన్నవి, గడ్డ వైపు పోయినవి, తిరిగి వచ్చినవి. వాటిలో ఒక ముందుకాలి అడుగుకు వేలు ఒకటి లేదు. నేను దాన్ని చూసీ చూడనట్టు తల తిప్పుకోబోయాను. బాపమ్మ నా గదవ పట్టుకుని మళ్ళీ అటు తిప్పింది.

“ఇంటి దొంగను ఈశ్వరుడన్న పట్టలేడంటరు. పొయ్యిల బూడిద పట్టింది సూడు.”

నవ్వుతూ అనలేదు. ఆ నీళ్ళు అడ్డం ఉన్నన్నాళ్ళూ ఏ కుక్కా బురదలో దిగి గడ్డకు పోలేదు. బాట వేసింది తాత. ఆ బాట మీద కుక్కకు దారి చూపించింది నేను, రోజూ, వెనక్కి తిరిగి రా రా అని పిలుస్తూ. మేం ఇంట్లో నిద్రపోయాక అది తన నేస్తాలను వెంటేసుకుని పోతోంది. పొద్దున్నే కడుపు నిండి మా అరుగు కింద పడుకుంటే, దానికి అన్నం సయించట్లేదని నేను దిగులు పడుతున్నాను.

బాపమ్మ పంపితే పోయి తాతను తీసుకొచ్చాను. ఆయన ఆ అడుగుల పక్కన గొంతుకూర్చున్నాడు. అక్క పోయిన చోట గంప ఎత్తిననాడు ఎంతసేపు చూశాడో అంతసేపు చూశాడు. తర్వాత లేచి తోట వైపు నడిచాడు, నడక కాస్తా పరుగైంది. కానీ పొద్దు పొడవగానే పశువులను విడిచేశారు. మేం పోయేసరికి తీగెలు తొక్కుళ్ళు పడి, పిందెలు పగిలి ఉన్నాయి. పెద్దమ్మ గుడిసె మీది కమ్మలు ఒక్కొక్కటే దించి మూట కడుతోంది. మా తాత, ఊళ్ళో ఎవరి ముందూ వంగని మనిషి, నెత్తి రుమాలు తీసి చేతిలో పట్టుకుని ఆమె ముందు నిలబడ్డాడు.

“తప్పు నాది చెల్లె. నా కుక్క, నా బాట.”

“గా మాట నీ దగ్గర్నే ఉంచుకో అన్నా. తొక్కిన తీగెకు పానం వస్తదా?” అని ఆమె మూట కట్టుకుంది. నా వైపు ఒకసారి చూసి మూట నెత్తికెత్తుకుంది. నాలుగు తిట్లు తిట్టి ఉంటే నాకెంతో బాగుండేది.

అంతటితో నా పాఠం అయిపోలేదు. ఆ మధ్యాహ్నం బాపమ్మ నన్ను మళ్ళీ చెరువు ఒడ్డుకు తీసుకుపోయింది. చెప్పులు విడిచి ఇసుకలో నిలబడమంది. నిలబడ్డాను. కాళ్ళు భగ్గుమన్నాయి. ఎగిరి తుమ్మ నీడలోకి దూకబోతే రెక్క పట్టి ఆపింది, తర్వాత తనే విడిచింది. నీడలో కూర్చోబెట్టుకుని గడ్డ వైపు చూడమంది. మిగిలిన కొద్ది పిట్టల్లో ఒకటి లేచి, నీళ్ళ మీదికి వచ్చి, రొమ్ము తడుపుకుని, పోయి గుడ్ల మీద కూర్చుంది. కాసేపటికి మళ్ళీ వచ్చింది, మళ్ళీ తడుపుకుని పోయింది. తల్లి తడి ఒంటితో గుడ్లను చల్లబరుస్తోంది.

“నువ్వు ఆడికి పోయి చప్పట్లు గొట్టినంత సేపు, గా గుడ్లు నీ కాళ్ళ లెక్కనే కాలుతయి. కుక్కలు తిన్నయి కొన్ని. నువ్వు ఉడకబెట్టినయి కొన్ని.”

అంతే అంది. రెండేళ్ళు దగ్గరికి పోయి చూసినా, ఆ తడిసిన రొమ్మును నేను ఒక్కసారీ చూడలేదు. నేను పోతే అవి లేచిపోయేవి కదా, ఇంక చూసేదేముంది. దూరంగా నీడలో కూర్చున్నాక కనిపించింది. పెద్దమ్మ తన గుడిసె నీడలోంచి రోజూ చూసినది ఇదే, నాకు చెప్పబోయినది ఇదే. బాపమ్మ ఒడిలో తల పెట్టుకుని ఏడ్చాను. 

తాత మర్నాడు గడ్డపార తీసుకుని బాటను తనే తవ్వాడు. కూలీలు వస్తామన్నా రానియ్యలేదు. ఆ వయసులో ఒక్కో రాయీ మోసి ఒడ్డుకు చేర్చాడు. నేను తట్టలో మొరం ఎత్తాను. మొరం బరువుగా ఉంటే బాగుండునని అనిపించింది, కానీ నా తట్ట చిన్నది. నల్లకుక్కను ప్రతి ఎండాకాలం కట్టేసేవాళ్ళం. దాని తప్పేముంది పాపం, అది అరుస్తుంటే నాకు అన్నం దిగేది కాదు.

తిలాపాపం తలా పిడికెడు అంటారు. కానీ మా ఊరి పాపంలో పెద్ద పిడికెడు మా ఇంటిదే. దాన్ని ఇంకా బరువు చేస్తూ, ఆ ఏడు వానలు దంచికొట్టాయి. పిట్టలు లేకపోయినా చెరువు నిండింది, మత్తడి దుంకింది. ఊరు ఊరంతా పోయి కొబ్బరికాయలు కొట్టి వచ్చింది. పిట్టలకూ వానకూ ఏ చుట్టరికమూ లేదని అప్పుడు తేలింది. దేనికోసం ఆ తోటను తొక్కించామో దానికి అర్థమే లేకుండా పోయింది. ఆ సంగతి మాత్రం ఎవరూ పైకి అనలేదు.

బాపమ్మ ఎన్నోసార్లు పోయి బతిమాలితే పెద్దమ్మ మా బావి కింద మడిలో తోట వేసుకోవడానికి ఒప్పుకుంది. అక్కడి నేల కర్బూజకు అంత నప్పేది కాదు, కాయలు చిన్నగా వచ్చేవి. అయినా ప్రతి ఏడూ మొదటి పండు నాకే తెచ్చి ఇచ్చేది. ఇస్తూ అడిగేది.

“ఈ యేడు పిట్టలు ఎన్నొచ్చినయ్ బిడ్డా?”

దెప్పిపొడుపు కాదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగేది, ఆమెకు ఆ పిట్టలంటే ఇష్టం. నేను కట్ట మీంచి చూసిన లెక్క చెప్పేదాన్ని. కొన్నొచ్చినయి పెద్దమ్మా అంటే, మెల్లగ వస్తయి అనేది. అవి మెల్లగానే వచ్చాయి, కానీ మొదటి ఏటిలా గురిగి మళ్ళీ ఎన్నడూ నిండలేదు. ఆమె ఇచ్చిన పండును నేను ముక్కలు కోసి తమ్ముళ్ళకు పెట్టేదాన్ని. ఒక్క ముక్కా నోట పెట్టలేకపోయాను. ఆమె పోయి ఎన్నో ఏళ్ళయింది, ఇప్పటికీ బజారులో కర్బూజ వాసన వస్తే ఆ పక్కకు తిరగను.

మనవరాలు ఇప్పుడు స్నేహితులతో కలిసి ఆదివారాలు చెరువుల మీద పిట్టలను లెక్కపెట్టడానికి పోతుంది. వాళ్ళ దగ్గర దుర్భిణీలు, కెమెరాలు అన్నీ ఉన్నాయి. మొన్న ముఖం మాడ్చుకుని వచ్చింది. టర్న్‌లు పోయిన ఏటి కన్నా బాగా తగ్గాయని, అక్కడ చేపలు పట్టేవాళ్ళే ఏదో చేస్తున్నారని, పై ఆఫీసులో కంప్లైంట్ ఇస్తామని అంది. నేను ఊరి నుంచి వెంట తెచ్చుకున్న, అడుగున కొన్ని గింజలే ఉన్న ఆ గురిగిని గూట్లోంచి తీసి ఆమె చేతిలో పెట్టాను.

“కంప్లైంట్ తర్వాత ఇద్దురు గని, ముందు మీరు గడ్డ దిక్కు ఎట్ల పోయిన్రో జెప్పు బిడ్డా.”

ఆమె ఫొటోల కోసం దగ్గరిదాకా పోయామని, అక్కడక్కడా రాళ్ళు వేసుకున్నామని చెబుతూ చెబుతూ మధ్యలోనే ఆగిపోయింది. గురిగిని ఒకసారి ఊపి చూసింది. లోపల కొన్ని గింజలు గలగలమన్నాయి. వచ్చి నా పక్కన కూర్చుంది, నేను మా బాట సంగతి మొదలుపెట్టాను.

ఏదైనా తగ్గిందని ఎవరైనా అంటే, పిట్టలే కానీ, ఇంటికి వచ్చిపోయే చుట్టాలే కానీ, నేను వెంటనే ఎవరి వైపూ చూడను. ముందు నేను నడిచి వచ్చిన దారిని వెనక్కి తిరిగి చూసుకుంటాను. ఇన్నేళ్ళయినా, నా అడుగుల వెనకాల ఆ నల్లకుక్క నడిచి వస్తూనే ఉంటుంది.